మొరిగితేనే రేకు

క్రైమ్ డ్యూటీకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు. "సార్, ఇంట్ల కుక్క ఉంటే దొంగ రాడా?" వరంగల్, హనుమకొండ గల్లీల్లో ముప్పై ఏళ్ళకు పైగా దొంగతనాల వెంట తిరిగి ఏఎస్సైగా దిగిపోయినవాణ్ణి కాబట్టి నా దగ్గర గట్టి జవాబు ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఉంది. కానీ ఆ జవాబు నాకెలా తెలిసిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు కనుక చెప్పలేదు.

నాకొచ్చిన రివార్డులు, బదిలీలు, ఏ అధికారి నా భుజం తట్టాడు అనేవి ఇక్కడ రాయను. అవి మీకెందుకూ పనికిరావు. ఒక టీచరమ్మ గురించి, ఆమె తల్లి గురించి, గేట్లకు కట్టిన పసుపు రేకుల గురించి, నేను రాయకుండా వదిలేసిన ఒక వాక్యం గురించి రాస్తాను. నేను పనిచేసిన ఠాణా పేరు, కాలనీ పేరు చెప్పను. తప్పు నాది, ఊరిది కాదు.

కుక్క చేసే పని

ముందు మీకు అక్కరకొచ్చేది చెప్పేస్తాను. కుక్క కరుస్తుందని భయపడి ఆగిన దొంగను నేను చూడలేదు. మొరిగితే పక్కింటి తలుపు తెరుచుకుంటుందేమోనని ఆగినవాళ్ళను చాలామందిని చూశాను. అంటే దొంగకు భయం కుక్క కాదు, కుక్క లేపే మనిషి. పక్కింట్లో మనిషే లేకపోతే ఎంత పెద్ద కుక్క ఉన్నా దాని అరుపు గాలికే పోతుంది.

హనుమకొండలో బట్టల దుకాణం సేటు ఒకాయన దూడంత కుక్కను తెచ్చి ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గర గొలుసుతో కట్టేశాడు. దాన్ని ఎవరూ తిప్పరు, ఎవరూ పలకరించరు. అది పొద్దస్తమానం కాకుల మీద, గ్యాస్ బండి మీద, ఆకు రాలినా దాని మీద మొరిగేది. నెల రోజుల్లో ఇంటివాళ్ళ చెవులు, వాడకట్టువాళ్ళ చెవులు దానికి అలవాటు పడిపోయాయి. మధ్యాహ్నం పూట ముందు తలుపు పగలగొట్టి దొంగలు బీరువా ఖాళీ చేస్తుంటే అది గొంతు చించుకుంది. ఒక్కరూ బయటికి రాలేదు. "అది ఎప్పటికి మొరుగుతనే ఉంటది కద సార్" అన్నారు అందరూ.

అదే వీధి చివర ఒక కిరాణా కొట్టు ఆవిడ దగ్గర పిల్లి అంత కుక్క ఉండేది. వీధి కుక్కే. కొట్టు ముందు పడుకుని, తెలిసినవాళ్ళు వస్తే కన్ను కూడా తెరిచేది కాదు. ఒకనాడు అది లేచి అరిచేసరికి ఆవిడ తరాజు వదిలేసి బయటికి వచ్చింది. అలా దొరికినవాడే సేటు ఇంటి దొంగల్లో ఒకడు. కాబట్టి జాతి చూడకండి. గుంజకు కట్టేసి కోపం పెంచకండి. మనిషి దగ్గర మసిలే కుక్క, ఎప్పుడో ఒకసారి మొరిగే కుక్క, ఆ మొరుగుడు విని లేచే మనిషి, ఈ మూడూ ఉంటేనే ఏదైనా ఉపయోగం.

ఇంత తెలిసినవాణ్ణి, నేనేం చేశానో ఇప్పుడు వినండి.

మా సీఐ గారి రేకులు

మేడారం జాతర వచ్చిందంటే మా దిక్కు కాలనీలకు కాలనీలు తాళాలు వేసుకుని కదులుతాయి. జనం తమ ఎత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమని నెత్తిన పెట్టుకుని తల్లుల దగ్గరికి పోతే, ఇళ్ళల్లో మిగిలిన అసలు బంగారం మా నెత్తిన పడేది. ఏడెనిమిదేళ్ళ కింద అలాంటి ఒక జాతరకు ముందు మా సీఐ గారికి ఆలోచన వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. పని చేసేవాడు. కాకపోతే మీటింగు అన్నా, ఫోటో అన్నా కాస్త మోజు ఎక్కువ.

కుక్క ఉన్న ప్రతి ఇంటి గేటుకూ ఠాణా తరఫున ఒక పసుపు రేకు కట్టాలి. దాని మీద కుక్క బొమ్మ, "కుక్క ఉన్నది జాగ్రత్త" అని ఎర్రటి అక్షరాలు. పెయింటర్ గీసిన కుక్కకు సింహం జూలు వచ్చింది. అయినా సీఐ గారికి నచ్చింది.

"ఉత్తగనే పంచకు సమ్మయ్యా" అని నాకు చెప్పాడాయన. "కుక్క లేనింటికి రేకు కడితే దొంగకు తెల్వకుండ ఉంటదా? ఒక్కటి అబద్ధమైతే అన్నీ అబద్ధమైతయి. నువ్వు కండ్లతోని చూసి ఇయ్యి."

ఆయన చెప్పింది అంతే. దాన్ని ఒక పట్టు పట్టి ఆటగా మార్చింది నేను. గేటు దగ్గర నిలబడి లాఠీతో గడియ చప్పుడు చేసేవాణ్ణి. కుక్క మొరిగితే రేకు. మొరగకుండా తోక ఊపితే లేదు. "మొరిగితేనే రేకు" అని నేనే ఒక మాట కట్టాను. పిల్లలు నా బండి వెనక ఆ మాట అరుచుకుంటూ వచ్చేవాళ్ళు. ఉద్యోగంలో జనం నన్ను చూసి నవ్వుతూ చేతులూపిన రోజులు అవే. నాకు అది బాగా ఎక్కింది.

మడికొండ వైపు కొత్తగా లేచిన ఒక కాలనీలో చాలా ఇళ్ళకు కుక్కలుండేవి. కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, వ్యాపారాలవాళ్ళు. నాలుగు రోజుల్లో గల్లీ మొదట నిలబడి చూస్తే వరసగా పసుపు రేకులు ఎండకు మెరుస్తున్నాయి. అటు నుంచి ఇటు రెండుసార్లు నడిచి చూసుకున్నాను. రేకు లేని గేట్లు కూడా ఉన్నాయి. గల్లీకి ఒకటో రెండో. వాటి వైపు నేను చూడనే లేదు.

మీటింగులో అడిగిన మనిషి

జాతరకు వారం ముందు ఆ కాలనీ వాటర్ ట్యాంకు కింద మీటింగు పెట్టాం. యాభై మంది దాకా వచ్చారు. సీఐ గారు మాట్లాడి కూర్చున్నాక, నేను మిగిలిన రేకులు చేతిలో పట్టుకుని లేచాను. అప్పుడు ముందు వరసలోంచి ఒకావిడ లేచి వచ్చింది. రూతు టీచర్ అంటారు. యాభై దాటిన మనిషి. చిన్న బళ్ళో లెక్కలు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి దీనమ్మతో కలిసి గల్లీ చివరింట్లో ఉండేది.

"సమ్మయ్య సారూ, మాకు కూడ ఒక రేకు ఇయ్యుర్రి" అంది.

"కుక్క ఉన్నదా టీచరమ్మా?"

"లేదు సార్. కుక్కను సాకుడు నాతోని కాదు. చిన్నప్పుడు కరిచింది. దవాఖానల బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు ఇచ్చిన్రు. ఇప్పటికీ కుక్క ఎదురుంగ వస్తే కాళ్ళు వణుకుతయి. నేను బడికి పోతే అమ్మ ఒక్కతే ఉంటది. రేకన్న ఉంటే జర ధైర్యం కద సార్."

ఎంత న్యాయంగా అడిగిందో చూడండి. ఒక రేకు ఇస్తే నా సొమ్మేం పోయేది? పక్కకు పిలిచి "రేపు ఇంటికొచ్చి కడతా" అంటే సరిపోయేది. కానీ యాభై మంది చూస్తున్నారు. నా మాట నాకు ముద్దు. నేను ఒక మాట అన్నాను.

ఆ మాట ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. సరదాకే అన్నాను. జనం గొల్లుమన్నారు. సీఐ గారు కూడా నవ్వాడు. టీచరమ్మ నవ్వినట్టే చేసి, చేతి సంచి సర్దుకుని వెళ్ళి అన్నిటికంటే వెనక వరసలో కూర్చుంది. మీటింగు అయ్యేదాకా తల ఎత్తలేదు. మర్నాడు పేపర్లో రేకుతో నా ఫోటో వచ్చింది.

మిరపకాయలు తెచ్చిన రోజు

జాతర నడిమి రోజు కాలనీలో సగానికి పైగా ఇళ్ళకు తాళాలున్నాయి. కుక్కల్ని కొందరు చుట్టాల దగ్గర వదిలారు, కొందరు గిన్నె నిండా అన్నం పెట్టి లోపలే ఉంచి పోయారు. రూతు టీచర్ జాతరకు పోయే మనిషి కాదు. బడికి సెలవు కాబట్టి ఏడాదికి సరిపోయే మిరపకాయలు కొనుక్కుందామని పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు పోయింది. తల్లికి అన్నం పెట్టి, గేటు దగ్గరికేసి పోయింది.

పన్నెండు గంటలకు ఆటోలో తిరిగొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. మేం పోయేసరికి వాకిట్లో మిరపకాయల బస్తా నోరు విప్పుకుని పడి ఉంది, కాయలన్నీ మెట్ల దాకా చెదిరి ఉన్నాయి. దీనమ్మ వంటింటి గడప మీద ఒరిగి ఉంది. డెబ్బై అయిదు దాటిన మనిషి. మెడలో బంగారు గుండ్ల దండ లేదు.

"నేను అడ్డం పోయిన, బిడ్డా. పక్కకు నూకిండు" అంటోంది కూతురితో. నొప్పికి గట్టిగా అరవడానికి కూడా ఓపిక లేదు. దవాఖానకు తీసుకుపోతే తుంటి ఎముక విరిగిందన్నారు.

సాయంత్రం టీచరమ్మ ఫిర్యాదు ఇవ్వడానికి ఠాణాకు వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని ఫిర్యాదులు నాతోనే రాయించేవాళ్ళు. ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. మధ్యలో సీఐ గారు వచ్చి నా వెనక నిలబడి, "మొన్ననే పేపర్ల పడ్డది, గిప్పుడే గిట్లాయె" అని గొణిగి లోపలికి పోయాడు. ఫలానాది రాయమని ఆయన చెప్పలేదు. నేనే అర్థం చేసుకున్నాను. చివర ఒక వాక్యం కలిపాను: "కుక్కను పెంచుకోవాలని పోలీసులు సూచించినప్పటికీ నేను పాటించనందున ఈ నేరం జరిగినది."

ఆమె చదువుకున్న మనిషి. ఆ లైను దగ్గర ఆగింది. మిరపకాయలు ఎత్తిన చేతులు కదా, వేళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నట్టుంది, కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఇది నేను చెప్పలేదు కద సార్. ఇది రాయాల్నా?"

"రాయాలె టీచరమ్మా. గది పద్ధతి" అన్నాను. కాగితం కింద వేలు పెట్టి ఎక్కడ సంతకం చేయాలో చూపించాను. ఆమె చేసింది.

అలాంటి పద్ధతి ఎక్కడా లేదు. ఫిర్యాదు చేసేవాళ్ళ నోట్లో లేని మాట కలపకూడదన్నదే పద్ధతి. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది.

నేను రాయని వాక్యం

నెల తిరక్కుండానే ఇద్దరు దొంగలు దొరికారు. పెద్దవాడు మాటకారి. శిక్ష అనుభవించి వచ్చి ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు కాబట్టి పేరు వద్దు. వాడి వాంగ్మూలం కూడా నేనే రాశాను. ఆ ఇల్లే ఎందుకు ఎంచుకున్నావని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"మీ రేకులు చూస్కుంటనే పోయినం కద సార్" అన్నాడు. "ఇంతకుముందు ఏ ఇంట్ల కుక్క ఉన్నదో తెల్వాలంటే నాలుగు రోజులు తిరగాల్సొచ్చేది. మీరు చూసి చూసి కడ్తిరాయె. రేకున్న గేటు ముట్టలే. గా గల్లిల రేకు లేని ఇల్లు ముసలవ్వది ఒక్కటే."

నా కలం ఆగిపోయింది. గల్లీ మొదట నిలబడి నేను రెండుసార్లు చూసుకున్న వరస కళ్ళముందు కనపడింది. నేను చూడని గేట్లు వాడు చూశాడు. రేకు ఇవ్వకపోవడం వల్ల ఆ ఇల్లు కుక్క లేని ఇల్లని ఊరంతటికీ చాటింది నేనే. అడిగిన మనిషికి కూడా ఇవ్వకుండా చాటాను.

"రాస్తలేరేంది సార్?" అన్నాడు దొంగ.

"అవసరమున్నదే రాస్తరు" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడికి కూడా అర్థమైంది.

లోపలికి ఎలా పోయారు, దండ ఎక్కడ అమ్మారు, అన్నీ రాశాను. ఆ వాక్యం రాయలేదు. సీఐ గారికీ చెప్పలేదు. చెబితే ఆయన కొట్టేవాడా, తిట్టేవాడా? ఏమీ లేదు. రేకులు పీకించేవాడు, అంతే. "మొరిగితేనే రేకు" పోయేది, చేతులూపే జనం పోయేవాళ్ళు. దానికోసం నోరు మూసుకున్నాను. ఆ ఎండాకాలం ఇంకో రెండు కాలనీల్లో నా చేతులతోనే రేకులు కట్టాను. ఒకచోట మళ్ళీ రేకు లేని ఇంట్లోనే దొంగలు పడ్డారు. ఆ కేసు వేరేవాళ్ళు చూశారు. నేను కాగితం వైపు కూడా పోలేదు. సీఐ గారు బదిలీ అయ్యాక ఆ పని దానంతట అదే ఆగిపోయింది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మీరు ఇల్లిల్లూ తిరిగి జాగ్రత్తలు చెప్పేటప్పుడు, మీ మాట విన్నవాళ్ళను కాదు, వినలేకపోయినవాళ్ళను చూడండి. ఇస్తే అందరికీ ఇవ్వండి, లేదా ఎవరికీ ఇవ్వకండి. వాంగ్మూలం రాస్తున్నప్పుడు ఏ మాట దగ్గర మీ కలం ఆగుతుందో ఆ మాటను తప్పకుండా రాయండి. నేనైతే రాయలేదు.

పళ్ళెం, కర్ర

రిటైరయ్యాక మొన్న చలికాలం ఆ కాలనీలో ఒక గృహప్రవేశానికి పిలిచారు. భోజనం చేసి గల్లీ చివరి దాకా నడిచాను. కాళ్ళు అటే తీసుకుపోయాయి. రూతు టీచర్ గేటుకు రేకు ఉంది. మాది కాదు, చౌరస్తాలో దొరికే రకం. గేటు సందులోంచి చూస్తే ఆమె వాకిట్లో నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో పొడుగాటి కర్ర. దాంతో అన్నం పళ్ళాన్ని కొద్దికొద్దిగా ముందుకు నెడుతోంది. అటు చివర గుంజకు ఒక గోధుమ రంగు కుక్క కట్టేసి ఉంది. అది నన్ను చూసి మొరగలేదు, తోక ఊపింది. నా లెక్కన ఆ ఇంటికి రేకు రాదు.

నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మంది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. గోడ మీద దీనమ్మ ఫోటోకు ప్లాస్టిక్ పూలదండ ఉంది.

"అమ్మ రెండేండ్లు మంచంల్నే ఉన్నది సార్" అంది. "మళ్ళ నడువలే."

"కుక్కను ఎప్పుడు తెచ్చిన్రు టీచరమ్మా?"

"అమ్మ దవాఖాన నుంచి వచ్చిన నెలకే. పక్క మార్చినప్పుడల్లా అనేది, కుక్కను సాకితే గిట్లయ్యేది కాదు గద బిడ్డా అని. మీరు కూడ కాయితంల అదే రాస్తిరి. సరే, నా భయం నాతోని, అమ్మకు ఇంకోసారి ఇట్ల కావద్దు అనుకున్న. మొదటిది సచ్చిపోయింది. ఇది రెండోది."

"పేరేంది?"

"పెట్టలే సార్. పేరు పెడితే పిలవాలె. పిలిస్తే దగ్గరికొస్తది కద."

ఆ మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను. ఏడెనిమిదేళ్ళుగా ఒక మనిషి పొద్దూ మాపూ వణుకుతూ కర్రతో పళ్ళెం నెడుతోంది. నేను కలిపిన ఒక్క వాక్యం వల్ల. నిలబడే చెప్పేశాను. దొంగ అన్న మాట, నేను రాయని సంగతి, లేని పద్ధతిని ఉందని చెప్పిన సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపు ఆమె ఫోటో వైపే చూసింది.

"గట్లయితే నా తప్పు కాదా సార్?" అంది చివరికి.

"కాదు టీచరమ్మా. నాది."

తిట్టినా బాగుండేది. "అమ్మ ఉన్నప్పుడు చెప్తే బాగుండు" అని మాత్రం అంది. ఆ తర్వాత లేచి లోపలికి పోయి, పిల్లల పరీక్ష కాగితాల్లోంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసియ్యుర్రి. అప్పుడు రాసినట్టే, మంచిగ రాసియ్యుర్రి."

రాశాను. ఇక్కడ మీకు చెప్పిందంతా రాసి ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో లైనూ వేలితో పట్టి చదివింది.

"అన్నీ రాసిన్రు సార్. ఒక్కటి ఇడిసిపెట్టిన్రు."

"ఏది టీచరమ్మా?"

"మీకు యాదికున్నది."

యాదికుంది. కాగితం తీసుకుని అడుగున రాశాను: "మీటింగులో రూతు టీచర్ రేకు అడిగినప్పుడు, యాభై మంది ముందర నేను ఆమెతో అన్న మాట: మొరిగితేనే రేకు టీచరమ్మా, కుక్క లేకుంటే మీరన్నా ఒక్కసారి మొరుగుర్రి, ఇస్త."

ఆమె అది కూడా చదివింది. చదివి కాగితం నా వైపు తిప్పి, ఎక్కడ సంతకం చేయాలో వేలు పెట్టి చూపించింది. చేశాను.